కరెంటును దాచడం: ఎంతసేపు, ఏడాదికి ఎన్నిసార్లు?

నెల్లూరు జిల్లా నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కోటి 800 మెగావాట్ల కరెంటు తీసే యంత్రాలు (యూనిట్లు) మూడు. పక్కనే కృష్ణపట్నం పోర్టు. ఆ కేంద్రం యార్డులో గుట్టలుగా పోసి ఉండే బొగ్గును ఎవరూ ఎనర్జీ స్టోరేజ్ అనరు గానీ, అది చేసే పని అదే. వారం రోజుల తర్వాత వెలగాల్సిన బల్బుకు కావలసిన శక్తి ఇవాళే అక్కడ పడి ఉంది. అవసరమైనప్పుడు కాల్చుకోవచ్చు, వద్దనుకుంటే ఆగొచ్చు. సోమశిలలో నిలిచిన పెన్నా నీళ్లైనా, రొయ్యల గుంట గట్టు మీద డ్రమ్ములో ఉన్న డీజిలైనా అంతే. ఇన్నేళ్లూ కరెంటు నిల్వ గురించి సామాన్యులెవరూ పెద్దగా ఆలోచించకపోవడానికి కారణం, నిల్వంతా ఇంధనం రూపంలోనే ఉండటం.

సోలార్, గాలి మరలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఎండను యార్డులో పోసుకోలేం. వచ్చిన క్షణంలో వాడాలి, లేదంటే ఇంకో రూపంలోకి మార్చి దాచాలి.

గ్రిడ్‌కు ఇంకో చిక్కు ఉంది. గ్రిడ్ అంటే కరెంటు కేంద్రాలనూ ఇళ్లనూ కలిపే లైన్ల వల. ఏ క్షణానికి ఆ క్షణం తయారయ్యే కరెంటు, వాడే కరెంటు సమానంగా ఉండాలి. తయారీ తగ్గితే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే వేగం) పడిపోతుంది, ఎక్కువైతే పైకెళ్తుంది. మన దేశంలో దాన్ని 49.90కి, 50.05కి మధ్య ఉంచాలని నిబంధన. మధ్యాహ్నం పన్నెండింటికి సోలార్ ఉధృతంగా వస్తున్నప్పుడు థర్మల్ యూనిట్లను తగ్గించమంటారు. పూర్తిగా ఆపితే మళ్లీ వేడెక్కించి లైన్లోకి తేవడానికి గంటలు పడుతుంది కాబట్టి తగ్గించి నడుపుతారు. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతానికి దిగగలగాలి, ముందుముందు 40 శాతానికి. అంటే 800 మెగావాట్ల యూనిట్ 440కి దిగి కూర్చోవాలి. సాయంత్రం ఆరయ్యేసరికి సోలార్ సున్నా. అదే సమయానికి ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, రొయ్యల గుంటల దగ్గర నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. గంటన్నరలో యూనిట్లన్నీ పరుగెత్తాలి. నిల్వ వ్యవస్థలతో అసలు పని పడేది ఈ నాలుగైదు గంటల కోసమే.

అయితే నిల్వ అనగానే అందరి మనసులోకీ బ్యాటరీ ఒక్కటే వస్తుంది. అక్కడే లెక్క తప్పుతోంది. ఎంతసేపటికి కావాలి, ఏడాదికి ఎన్నిసార్లు వాడతాం అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ రకం నిల్వ కావాలో దానంతటదే తేలుతుంది.

లేబుల్ మీద రాసింది, చేతికొచ్చేది

కరెంటును కరెంటుగా పెద్ద మొత్తంలో దాచడం కుదరదు. రసాయనంగానో, ఎత్తుమీది నీళ్లుగానో, వేడిగానో, చలిగానో, తిరిగే చక్రంగానో మార్చి దాస్తాం. మార్చేటప్పుడు కొంత, తిరిగి తీసేటప్పుడు కొంత పోతుంది. 100 యూనిట్లు లోపలికి పంపితే లిథియం వ్యవస్థ 85 నుంచి 90 దాకా వెనక్కిస్తుంది. నీళ్లను పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్ 75 నుంచి 80. హైడ్రోజన్‌గా మార్చి మళ్లీ కరెంటు చేస్తే 30 నుంచి 40 వస్తే గొప్ప.

ఏ నిల్వకైనా రెండు కొలతలు ఉంటాయి. ఒకేసారి ఎంత వేగంగా ఇవ్వగలదో కిలోవాట్లలో చెబుతారు. మొత్తం ఎంత ఇవ్వగలదో కిలోవాట్ అవర్లలో, అంటే మనం బిల్లులో చూసే యూనిట్లలో చెబుతారు. గాదెలో ఎన్ని పుట్లు పడతాయన్నది ఒకటి, గాదె కంత ఎంత పెద్దదన్నది ఇంకొకటి. పేపర్లలో "100 మెగావాట్ల బ్యాటరీ" అని రాసి వదిలేస్తుంటారు. అది గంటకు సరిపడుతుందా, నాలుగు గంటలకా అన్నది చెప్పకపోతే సగం వార్తే.

ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే బ్యాటరీనే చూడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంటుంది. రెండూ గుణిస్తే 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఒక టీవీ కలిపి 300 వాట్లు అనుకుంటే కాగితం మీద ఆరు గంటలు రావాలి. నాలుగు గంటలకే కుయ్ కుయ్ మంటుంది. షాపువాడు మోసం చేశాడనుకుంటారు గానీ, గుట్టు లేబుల్‌ మీదే ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది. 20 గంటలపాటు నిదానంగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున లాగితేనే ఆ 150 వస్తుందని దానర్థం. 300 వాట్ల లోడు 25 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇన్వర్టర్ కింద ఉండే ఈ లెడ్ యాసిడ్ రకం బ్యాటరీ ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది. సోలార్ కోసం అమ్మేవాటి మీద సీ10 అని ఉంటుంది. అదే 150 ఏహెచ్ అయినా సీ10 రకం కాస్త ఎక్కువ సరుకున్న బ్యాటరీ.

దాని లోపల జరిగేది 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన రసాయనమే. ఒక పలక సీసం, ఇంకో పలక సీసం డయాక్సైడ్, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే సల్ఫేట్ తిరిగి కరిగి యాసిడ్ చిక్కబడుతుంది. మెకానిక్ హైడ్రోమీటర్ ముంచి చూసేది ఈ చిక్కదనాన్నే. నిండుగా ఉంటే 1.24 నుంచి 1.28 మధ్య, బాగా దిగిపోతే 1.1 దరిదాపుల్లో. ఒక్కో గది 2 వోల్టులు, ఆరు గదులు కలిస్తే 12. ఖాళీ చేసి రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టిపడి ఇక కరగదు. ఊరెళ్తూ ఇన్వర్టర్ ఆపేసి పోయినవాళ్లు తిరిగొచ్చాక "బ్యాటరీ పట్టట్లేదు" అనడానికి చాలాసార్లు ఇదే కారణం.

నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల్లో దీనికి ఇంకో రెండు శత్రువులున్నాయి. ఒకటి ఎండ. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడి నుంచి సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సగమవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు వరండాలో పడమటి గోడకు ఆనించి పెట్టిన బ్యాటరీ గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది నీళ్లు. ఛార్జింగ్‌లో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఎగిరిపోతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. ఇరవై ముప్ఫై రూపాయలకు చూసుకుని కుళాయి నీళ్లో, కనిగిరి వైపైతే ఫ్లోరైడ్, లవణాలు నిండిన బోరు నీళ్లో పోస్తే పలకలు కొద్ది నెలల్లోనే దెబ్బతింటాయి. ఆ హైడ్రోజన్ మండే వాయువు. గాలాడని మెట్లకింది అరలో బ్యాటరీ పెట్టి తలుపు బిగించడం మంచిది కాదు.

లిథియంలో అన్నీ ఒకటి కావు

లిథియం అయాన్ బ్యాటరీలో పలకలు కరిగి మారిపోవు. ఛార్జింగ్‌లో లిథియం అయాన్లు ఒక పొరలోంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల సందుల్లోకి వెళ్లి కూర్చుంటాయి. వాడేటప్పుడు తిరిగొస్తాయి. పదార్థం పెద్దగా చెదరదు కాబట్టే వేల సార్లు తిరగగలదు. 1991లో సోనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనక ఉన్న గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

లిథియం పేరుతో అమ్మేవాటిలో ప్రధానంగా రెండు రకాలు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం బరువు తక్కువ, శక్తి ఎక్కువ. కార్లకూ ఫోన్లకూ సరిపోతుంది. ఒకసారి మితిమీరి వేడెక్కితే లోపలి పదార్థమే ఆక్సిజన్ వదులుతుంది, ఇక మంట ఆర్పడం కష్టం. 2025 జనవరిలో అమెరికాలోని మాస్ ల్యాండింగ్‌లో తగలబడిన పెద్ద నిల్వ కేంద్రంలో ఉన్నది ఈ రకమే. రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షాపుల్లో ఎల్‌ఎఫ్‌పీ అంటారు. బరువు ఎక్కువ, కానీ ఫాస్ఫేట్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అంత తేలిగ్గా అంటుకోదు. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. నాలుగు కలిస్తే 12.8, పదహారు కలిస్తే 51.2. ఇంటికైనా, సబ్‌స్టేషన్‌కైనా బరువుతో పనిలేదు కాబట్టి ఈ రకమే మేలు. కొనేముందు "లిథియమేనా?" అని అడిగి ఊరుకోకుండా "ఎల్‌ఎఫ్‌పీయేనా?" అని అడగాలి.

ఈ సెల్స్‌కు కాపలాగా బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉంటుంది. ప్రతి సెల్ వోల్టేజీని, వేడిని చూస్తూ ఏది గీత దాటినా మొత్తాన్ని ఆపేస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెట్టిన బ్యాటరీ ఛార్జింగ్ మానేసిందంటే చెడిపోయిందని కాదు, బీఎంఎస్ దాన్ని కాపాడుతోందని. నీడ, గాలి లేకుండా ఏ బ్యాటరీ అయినా దండగే.

ఇక డబ్బు లెక్క. లెడ్ యాసిడ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి 15 వేలు అనుకుందాం. రోజూ సగం దాకా ఖాళీ చేస్తే 0.9 యూనిట్. 1,200 సార్లు అలా నడిచిందంటే మొత్తం 1,080 యూనిట్లు. యూనిట్ సుమారు 14 రూపాయలు పడింది. అదే బ్యాటరీని ఏడాదికి 30 సార్లు మాత్రమే, ఐదేళ్లు వాడితే ఇచ్చింది 135 యూనిట్లు. యూనిట్ 111 రూపాయలు. వస్తువు ఒకటే, ధర ఒకటే. తేడా అంతా వాడకంలో ఉంది. లిథియం మొదట ఎక్కువ ఖరీదైనా 4,000 సార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి రోజూ వాడేవాడికి చవక. నెలకు రెండుసార్లు అరగంట కోతలుండే ఇంటికి దాని అవసరం లేదు. పాత లెడ్ యాసిడ్ చాలు.

ఇక్కడే రూఫ్‌టాప్ సోలార్ విషయంలో ఉన్న అపోహ కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రాయితీ. పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఇక కరెంటు పోదనుకుంటారు. బ్యాటరీ లేని సాధారణ సోలార్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ స్తంభమెక్కినప్పుడు మన మిద్దె మీది కరెంటు వైరులోకి పారకుండా కావాలనే అలా పెట్టారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాన్లకు స్తంభాలు కూలితే, లైను వచ్చేదాకా మిద్దె మీది ప్యానెళ్లు ఎండలో ఊరికే ఉండాల్సిందే. లైను లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉన్న ఇళ్లకే వెలుగు. "గ్రిడ్డే నా బ్యాటరీ" అనే మాట, వాడినదాంట్లోంచి మనం పంపినది తీసేసే నెట్ మీటర్ బిల్లు వరకే నిజం. మధ్యాహ్నం మనం పంపిన యూనిట్‌ను పక్కింటివాళ్లో, పక్క వీధివాళ్లో అప్పుడే వాడేశారు. రాత్రి మనకు తిరిగొచ్చేది చాలావరకు బొగ్గు కరెంటే.

రొయ్యల గుంట దగ్గర లెక్క

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో నిల్వ అవసరం ఎక్కడ గట్టిగా ఉందంటే రొయ్యల గుంటల దగ్గర. పగలు నీళ్లలోని నాచు, సూక్ష్మజీవులు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి అవే ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. కాబట్టి తెల్లారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. వనామీ రకం రొయ్యను ఒత్తుగా వేసిన గుంటలో ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. రెండు లక్షల పంటో, ఐదు లక్షల పంటో గంటల్లో పోతుంది. గుంట దగ్గర పడుకునేవాడికి రాత్రంతా ఉండే టెన్షన్ ఇదే.

ఎకరం గుంటకు రెండు హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు తిరుగుతున్నాయనుకుందాం. కలిపి 6 కిలోవాట్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 48 యూనిట్లు. ఆక్వా జోన్ (చేపల, రొయ్యల పెంపకానికి ప్రభుత్వం గుర్తించిన ప్రాంతం) రైతులకు రాయితీ ధర యూనిట్ రూపాయిన్నర. ఆ లెక్కన రాత్రి ఖర్చు 72 రూపాయలు. అదే 48 యూనిట్లు డీజిల్ జనరేటర్‌తో తీస్తే, లీటరుకు మూడు యూనిట్లకు కాస్త పైన వస్తుంది కాబట్టి 15 లీటర్లు కావాలి. సుమారు 1,450 రూపాయలు. ఇక పగటి సోలార్‌ను రాత్రికి దాచాలంటే కనీసం 55 యూనిట్ల బ్యాటరీ కావాలి. యూనిట్ సామర్థ్యానికి 15 వేలు అనుకున్నా 8 లక్షలు దాటుతుంది. పైగా పంట ఏడాది పొడవునా ఉండదు. గుంట ఎండబెట్టిన రోజుల్లో బ్యాటరీ ఖాళీగా కూర్చుంటుంది.

ప్రకృతి కూడా ఇక్కడ సహకరించదు. మబ్బు పట్టిన రోజు నాచు ఆక్సిజన్ తక్కువ చేస్తుంది, ఏరియేటర్లు పగలు కూడా తిప్పాలి. అదే రోజు సోలార్ కూడా రాదు. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనపడడు. ఒక రాత్రికి సరిపడే బ్యాటరీ రెండో రోజుకే చేతులెత్తేస్తుంది. సోలార్ ప్లస్ బ్యాటరీతో గుంటలు నడిపేద్దామని చెప్పే అమ్మకందారులు ఈ సంగతి ఎత్తరు.

మరి బ్యాటరీకి గుంట దగ్గర పనే లేదా? ఉంది, కాకపోతే చిన్నది. లైను పోయి జనరేటర్ అందుకునే లోపు ఉన్న సందును పూడ్చడం. రాత్రి మూడింటికి లైను పోతుంది, కాపలా మనిషి లేవాలి, జనరేటర్ స్టార్ట్ చేయాలి. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే జనరేటర్ సెల్ఫ్ కొట్టేది కూడా ఒక 12 వోల్టుల బ్యాటరీయే. నెలల తరబడి వాడని జనరేటర్‌లో అది ఎప్పుడో డౌనై ఉంటుంది. డీజిల్ ఉంటుంది, ఇంజన్ బాగుంటుంది, సెల్ఫ్ తిరగదు. వారానికోసారి పది నిమిషాలు జనరేటర్ ఆన్ చేసి ఆపడం కంటే చవకైన నిల్వ నిర్వహణ లేదు.

అరగంట సందుకు 6 కిలోవాట్లంటే 3 యూనిట్లు. 5 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ సరిపోతుంది. అయితే మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగు ఏరియేటర్లూ ఒక్కసారే వేస్తే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. యూనిట్లు చాలినా కిలోవాట్లు చాలవు. ఒకదాని తర్వాత ఒకటి కొన్ని సెకన్ల తేడాతో ఎక్కించే టైమర్ పెట్టుకోవాలి. రెండు ఏరియేటర్లు తిరిగినా ఆ అరగంటకు ప్రాణం నిలుస్తుంది.

ఐస్ కూడా నిల్వే

రొయ్య పట్టగానే ఐసు నీళ్లలో వేస్తారు. జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు పడవలకూ ఐసే కావాలి. ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టి సుమారు మైనస్ పది డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో నీళ్లు పోసిన రేకు డబ్బాలు దింపితే గంటల తరబడి నిదానంగా గడ్డకడతాయి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. టన్ను ఐసంటే 93 యూనిట్ల చలి. కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి ఆ చలిని కొనడానికి 30 నుంచి 45 యూనిట్లు, నీళ్లను సున్నాకు దించడానికి ఇంకొంత పడుతుంది.

అంటే ఐస్ గది నిండా ఉన్నది నిన్నటి కరెంటే. దాన్ని తిరిగి కరెంటు చేయనక్కర్లేదు, చలిగానే వాడుకుంటాం. గడ్డకట్టడానికి రోజంతా పట్టినా, తొట్టిలోని ఉప్పునీటికి ఉన్న చలి వల్ల సాయంత్రం మూడు నాలుగు గంటలు కంప్రెసర్ ఆపినా పని చెడదు. మధ్యాహ్నం కంప్రెసర్‌ను నిండుగా నడిపి సాయంత్రం ఆపడమంటే బ్యాటరీ కొనకుండానే ఆ కరెంటును సాయంత్రానికి దాచినట్టు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీలకూ ఇదే వర్తిస్తుంది. ఒక డిగ్రీ రెండు డిగ్రీలు అదనంగా చల్లబరిచి పెట్టుకుంటే సాయంత్రం కొంతసేపు నెట్టుకురావచ్చు.

పంట బోర్లకు పగలే తొమ్మిది గంటలు కరెంటివ్వడం వెనక కూడా ఇదే తర్కం ఉంది. నీళ్లు ఎప్పుడు తోడినా మడిలోనే నిలుస్తాయి. రాత్రి రెండింటికి పొలానికి పోయి పాము కాటు పడే బాధ తప్పడం రైతుకు లాభం, సోలార్ ఉన్నప్పుడే లోడు ఎక్కడం గ్రిడ్‌కు లాభం.

వేడిని దాచే పద్ధతి ఇంకొకటి. సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ కలిపిన ఉప్పును కరిగించి అద్దాలతో 565 డిగ్రీల దాకా వేడిచేసి ట్యాంకుల్లో ఉంచుతారు. స్పెయిన్‌లో 2011లో మొదలైన జెమాసోలార్ కేంద్రం ఇలాగే 15 గంటల వేడిని దాచుకుంటుంది. మబ్బు లేని సూటి ఎండ కావాలి కాబట్టి తేమ నిండిన మన కోస్తాకు అది అంతగా నప్పదు.

నీళ్లను పైకి తోడితే

పెద్ద మొత్తంలో, చాలా గంటలపాటు దాచడానికి ఇప్పటికీ నీళ్లదే పైచేయి. పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయంలోని నీళ్లను పైకి తోడతారు, సాయంత్రం టర్బైన్ మీదుగా వదులుతారు. అదే యంత్రం ఒకవైపు తిరిగితే పంపు, రెండోవైపు తిరిగితే టర్బైన్. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లూ ఇలా రెండు వైపులా తిరిగేవే. నాగార్జునసాగర్‌లో ఏడు ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టినది నదిమీద కాకుండా పైనొకటి, కిందొకటి విడిగా చెరువులు కట్టుకుని అవే నీళ్లను తిప్పే పద్ధతి.

ఇంత పెద్ద జలాశయాలెందుకు అంటే, ఎత్తుమీది నీళ్లలో దాగేది నిజానికి చాలా తక్కువ. మిద్దె మీద పది మీటర్ల ఎత్తున ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకులో దాగిన శక్తి 0.027 యూనిట్. ఇందాకటి 1.8 యూనిట్ల ఇన్వర్టర్ బ్యాటరీకి సమానం కావాలంటే అలాంటి ట్యాంకులు 66 కావాలి. ఇంటి ట్యాంకుతో కరెంటు తీస్తామని వచ్చే వీడియోలు నమ్మేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు. కానీ ఒక టీఎంసీ నీరు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే నష్టాలు పోను సుమారు 70 లక్షల యూనిట్లు వస్తుంది. అదీ నీళ్ల బలం.

సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. నీళ్లున్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఈ పద్ధతికి నీళ్ల పరిమాణం కంటే ఎత్తు ముఖ్యం. ఎత్తు రెట్టింపైతే సగం నీళ్లు చాలు, సొరంగాలూ యంత్రాలూ చిన్నవవుతాయి. పెద్ద జలాశయం పక్కనే నిటారుగా లేచే కొండ ఉండాలి, పైన చెరువు కట్టే చదును ఉండాలి. ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో నల్లమల, వెలిగొండ వరసల్లో ఎత్తుకు కొదవ లేదు. అక్కడ నీళ్లు తక్కువ, నల్లమలలో చాలాభాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం.

చీమకుర్తి క్వారీల సంగతి కూడా ఆలోచించదగినది. గెలాక్సీ గ్రానైట్ తవ్వి వదిలిన లోతైన గుంతలు ఉన్నాయి. 2023లో కేంద్ర విద్యుత్ శాఖ పంప్డ్ స్టోరేజ్ మార్గదర్శకాల్లో పనైపోయిన గనుల్ని వాడుకోవచ్చని చెప్పింది. పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లను 60 మీటర్ల తేడాతో తిప్పితే నష్టాలు పోను సుమారు లక్షన్నర యూనిట్లు వస్తుంది. కొట్టిపారేయాల్సిన మొత్తం కాదు. కానీ పేలుళ్లకు బీటలిచ్చిన రాతిగోడల్లోంచి నీళ్లు కారకుండా చూడాలి, రోజూ మట్టం ఎక్కి దిగుతుంటే గోడలు జారకుండా చూడాలి, ఏటా ఎండకు ఆవిరయ్యే నీళ్లను మళ్లీ నింపాలి. తాగునీటికి ట్యాంకర్ల మీద ఆధారపడే ఊళ్ల పక్కన ఆ చివరి మాట తేలిక కాదు.

మిగతావి క్లుప్తంగా

సెకన్ల పనికి వేగంగా తిరిగే ఫ్లైవీల్, సూపర్ కెపాసిటర్ ఉన్నాయి. క్షణంలో ఇస్తాయి, నిమిషాల్లో అయిపోతాయి. గాలిని భూగర్భ గుహల్లో ఒత్తి దాచే కేంద్రం జర్మనీలోని హంటార్ఫ్‌లో 1978 నుంచి నడుస్తోంది. అది ఉప్పు గుహలున్న చోట సాధ్యం. వనేడియం ఫ్లో బ్యాటరీలో శక్తి ట్యాంకుల్లోని ద్రవంలో ఉంటుంది. ట్యాంకు పెంచితే యూనిట్లు పెరుగుతాయి, అంటుకోదు, కాకపోతే వనేడియం లోహం ఖరీదు ఎక్కువ. సోడియం అయాన్ బ్యాటరీలు వస్తున్నాయి, లిథియం అక్కర్లేకపోవడం వాటి బలం. హైడ్రోజన్‌కు నష్టం ఎక్కువ కాబట్టి సాయంత్రం లైట్ల కోసం దాన్ని వాడటం దుబారా. ఎరువులు, ఉక్కు తయారీకి అది సరుకుగా పనికొస్తుంది.

గ్రిడ్ బ్యాటరీలంటే ఎక్కువగా ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ నింపిన కంటైనర్ల వరసలు. ఢిల్లీ రోహిణిలో 2019లో 10 మెగావాట్లతో మొదలైంది. ఛత్తీస్‌గఢ్ రాజ్‌నందగావ్‌లో సోలార్ పక్కన 40 మెగావాట్లు, 120 మెగావాట్ అవర్లు పెట్టారు. అంటే మూడు గంటలు. 2023 సెప్టెంబరులో కేంద్రం 4,000 మెగావాట్ అవర్ల బ్యాటరీలకు నష్టపూరక నిధి మంజూరు చేసింది. పంప్డ్ స్టోరేజ్ కట్టడానికి ఏళ్లు పడితే, వీటిని నెలల్లో నిలబెట్టొచ్చు. సబ్‌స్టేషన్ ఆవరణలోనే పెట్టొచ్చు కాబట్టి సాయంత్రం లైన్ల మీద భారం కూడా తగ్గుతుంది. సముద్రం పక్కన పెడితే మాత్రం ఉప్పుగాలికి టెర్మినళ్లు తుప్పు పడతాయి, వరద మట్టానికి పైన దిమ్మెలు కట్టాలి.

వీటన్నిటిలో ఏది నిలుస్తుందన్నది చివరికి బిల్లు తేలుస్తుంది. 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో ధర మామూలు కంటే తక్కువ, రద్దీ వేళల్లో ఎక్కువ ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు. ఇది మీటర్లలోకి దిగితే మొదట కదిలేది ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు. వాటికి కొత్తగా కొనాల్సింది టైమరే.

రొయ్యల గుంట లెక్క అంత సులువు కాదు. 8 లక్షల పైచిలుకు బ్యాటరీ ఏడాదికి 220 రాత్రుల చొప్పున పన్నెండేళ్లు నడిచినా యూనిట్ ఆరున్నర రూపాయలు పడుతుంది. ధర సగానికి దిగినా మూడు రూపాయల పైనే. రూపాయిన్నర కరెంటుతో అది పోటీ పడలేదు. కానీ రాయితీ అందని గుంట, లైను చివర ఉండి రోజూ మూడు గంటలు జనరేటర్ మీదే నడిచే గుంట వేరు. అక్కడ బ్యాటరీ పోటీ యూనిట్ 30 రూపాయలు పడే డీజిల్‌తో. ఆ మూడు గంటలకు 18 యూనిట్లు చాలు. 22 యూనిట్ల బ్యాటరీ మూడు లక్షల పైచిలుకు అవుతుంది, ఛార్జింగ్ ఖర్చు తీసేసినా మూడు నాలుగేళ్లలో డీజిల్ మీదే తిరిగొస్తుంది. జనరేటర్ మాత్రం వాయుగుండం రోజులకు గట్టు మీదే ఉండాలి.